సి.బి.పి. కాగితంలో క్రింది పంక్తులు

మా కొత్తకోటలో వర్షాకాలం మొదలైందంటే చాలు, దాదాపు ప్రతి ఇంటి గూటిలోకీ ఒక కాగితం వచ్చి చేరుతుంది. రహదారి ప్రక్కనున్న చిన్న ల్యాబుల నుండి వచ్చేదీ అదే, ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన నమూనాకు ఫలితంగా వచ్చేదీ అదే. పెద్ద నగరాల్లో దానిని సి.బి.సి. అంటారు గాని, మా ప్రాంతంలో డాక్టరు మొదలు ఆటో నడిపేవాని వరకు అందరి నోటా అది ‘సి.బి.పి.’యే. రక్తంలోని కణాలను లెక్కించి చెప్పే పరీక్ష అది. ఇరవై వరకు పంక్తులుంటాయి. చదివేవారి చూపు మాత్రం నల్లగా ముద్రించిన ఒకటి రెండు అంకెల మీదనే ఆగిపోతుంది. అంకె ప్రక్కన పైకో క్రిందికో బాణం గుర్తు కనిపిస్తే ఇల్లంతా కలవరం. కనిపించకుంటే కాగితం గూటిలోకి.

మదరసాలో పాఠాలు చెప్పేవాడికి ఏ చదువైనా వస్తుందన్న అభిమానంతో కొందరు ఈ కాగితాలను నా వద్దకు తెస్తుంటారు. “హజ్రత్, ఇందులో ఏమున్నదో కాస్త చూడండి” అంటారు. నేను వైద్యుణ్ణి కాను. డాక్టరుకు చూపించమనే చెప్తాను. అయితే ఒక గ్రంథాన్ని ఎలా చదవాలో నేర్పడమే ముప్పై ఏళ్ళుగా నా పని. ఒక వాక్యానికి అర్థం చెప్పే ముందు దాని సియాఖ్ సబాఖ్, అంటే ముందువెనుకల సందర్భం చూడాలని మా విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే చెబుతాము. ఈ కాగితానికి కూడా ఆ నియమం అక్షరాలా వర్తిస్తుందని మా ఇంటి రిపోర్టుల వల్ల నాకు బోధపడింది.

ముందుగా పరీక్ష సంగతి. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అది గడ్డకట్టకుండా ఆపే మందు ఆ గొట్టంలో ముందే ఉంటుంది. ఈ పరీక్షకు పరగడుపున ఉండవలసిన అవసరం లేదు. రమజాను మాసంలో దీని గురించి తరచూ అడుగుతుంటారు గనుక చెబుతున్నాను: మన హనఫీ ఫిఖహ్ ప్రకారం పరీక్షకు రక్తం ఇవ్వడం వల్ల రోజా భంగం కాదు. వజూ మాత్రం మళ్ళీ చేసుకోవాలి. సూదితో తీసినా, ప్రవహించేంత రక్తం శరీరం నుండి వెలుపలికి వచ్చినట్లే కదా!

ఒకప్పుడు గీతలు గీసిన గాజుపలక మీద రక్తపు చుక్క ఉంచి, సూక్ష్మదర్శినిలో చూస్తూ మనిషే కణాలను లెక్కపెట్టేవాడు. అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్ అనే ఇంజనీరు కనుగొన్న పద్ధతికి 1953లో పేటెంటు లభించింది. నేటి యంత్రాలలో అనేకం ఆ సూత్రం మీదనే నడుస్తున్నాయి. విద్యుత్తు ప్రవహించే ద్రవంలో రక్తాన్ని కలిపి, అతి సన్నని రంధ్రం గుండా కణాలను ఒక్కొక్కటిగా పంపుతారు. వ్రేళ్ళ మధ్య తస్బీహ్ పూసలు ఒకదాని వెంట ఒకటి జారినట్లు అవి సాగిపోతుంటాయి. కణం దాటిన ప్రతిసారీ విద్యుత్తుకు క్షణకాలం అడ్డు తగులుతుంది. యంత్రం ఆ అడ్డును లెక్కిస్తుంది. అంతేకాదు, అడ్డు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దదని గుర్తిస్తుంది. కనుక కాగితం మీద కణాల సంఖ్యతో పాటు వాటి పరిమాణం కూడా ఉంటుంది. నేను చెప్పబోయేదంతా ఆ పరిమాణం గురించే.

తెల్లకణాల గురించి, ప్లేట్‌లెట్ల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు సాగుతాను. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో తెల్లకణాలు సాధారణంగా 4,000 నుండి 11,000 వరకు ఉంటాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ పెరిగితే తరచుగా బాక్టీరియా వైపు, లింఫోసైట్లు పెరిగితే వైరస్ వైపు, ఇసినోఫిల్స్ పెరిగితే అలర్జీ లేక కడుపులోని పురుగుల వైపు డాక్టర్ల ఆలోచన మళ్ళుతుంది. ఇవి సూచనలే, తీర్పులు కావు. ప్లేట్‌లెట్లు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉండాలి. డెంగ్యూ రోజుల్లో ఊరంతా ఈ ఒక్క అంకె చుట్టే తిరుగుతుంది. కొన్ని ల్యాబులు దానిని 1.8 లక్షలని, మరికొన్ని వేలల్లో లెక్కగట్టి 180 అని ముద్రిస్తాయి. ఆ 180ని చూసి బిడ్డ చేయి దాటిపోయాడని గుండెలు బాదుకున్న ఒక తండ్రిని నేను స్వయంగా ఓదార్చాను. డెంగ్యూలో ఒక్కనాటి అంకె కన్నా అది రోజురోజుకూ ఎటు పోతున్నదన్నది ముఖ్యం. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, ఎక్కడైనా రక్తస్రావం ఉంటే అంకె ఎంత ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిందే. బొప్పాయి ఆకుల కోసం తిరుగుతూ ఆ సమయాన్ని పోగొట్టుకోరాదు.

బాణం గుర్తు గురించి కూడా ఒక మాట. ‘సాధారణ పరిధి’ అని అంకెల ప్రక్కన ముద్రించేది సామాన్యంగా ఆరోగ్యవంతులలో నూటికి 95 మందిలో కనిపించే హద్దు. అంటే ఏ రోగమూ లేని నూరుగురిలో అయిదుగురు ఆ హద్దు వెలుపలే ఉంటారు. బాణం ఉన్నంత మాత్రాన రోగం ఉన్నట్లు కాదు. బాణం లేనంత మాత్రాన ఏమీ లేదనీ కాదు.

ఇక హిమోగ్లోబిన్. ఎర్రకణంలో ఉండి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకుపోయేది ఇదే. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11, పురుషునికి 13 కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అయిదేళ్ళలోపు పిల్లలలో అది 70 శాతం. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులలో రక్తహీనత అధికంగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంచుకొని పోషకాహార కిట్లు పంచడం మొదలుపెట్టింది. మా పొరుగున ఉన్న గద్వాల, నాగర్‌కర్నూలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంత మందికి ఉన్నది గనుకనే మన ఇళ్ళల్లో దానిని వ్యాధిగా గాక స్త్రీల స్వభావంగా భావిస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం, తరావీహ్‌లో నిలబడితే కళ్ళు తిరగడం, ఎప్పుడూ కాళ్ళు లాగడం, ఇవన్నీ “ఆడవాళ్ళకు మామూలే” అన్న మాటలో కలిసిపోతున్నాయి. మరి ఇంట్లో అందరూ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలినది తినేదెవరు? ప్రతి నెలా, ప్రతి కాన్పులో రక్తం కోల్పోయేదెవరు?

మా ఇంట్లో ఒకే వారంలో రెండు సి.బి.పి.లు వచ్చాయి. ఒకటి నా శ్రీమతిది, మరొకటి మా అమ్మాయిది. నా శ్రీమతి హిమోగ్లోబిన్ 8.6, అమ్మాయిది 10.2. ఇద్దరికీ క్రిందికి బాణం. ఇద్దరికీ ఇనుము మాత్రలు వ్రాశారు. భోజనం కాగానే టీ త్రాగే అలవాటు మానమన్నారు, ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా టీ అడ్డుకుంటుందట. దక్కనీ ఇంట్లో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో పాఠకులకు చెప్పనవసరం లేదు! ఖర్జూరాలు తింటే చాలునని ఇరుగుపొరుగువారు సలహా చెప్పారు. ఖర్జూరం శుభప్రదమైన ఆహారమే, సున్నతే. కాని దానిలోని ఇనుము కొద్దిపాటిదే. ఆ లెక్కలో చూస్తే మన వంటింట్లో వండే కలేజీ దానికన్నా ఎన్నో రెట్లు మేలు.

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. క్రొత్త కణాలు తయారై పాతవాటి స్థానంలో చేరడానికి వ్యవధి పడుతుంది గనుక మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాము. నా శ్రీమతి హిమోగ్లోబిన్ 11.4కు పెరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. అమ్మాయిది 10.3. ఒక్క మాత్ర కూడా మానకుండా మూడు నెలలు వేసుకున్న పిల్లకు పెరిగింది గ్రాములో పదోవంతు.

ఈసారి మేము కలిసిన డాక్టరమ్మ మొదటి రెండు కాగితాలనూ బల్ల మీద ప్రక్కప్రక్కన పరచి, హిమోగ్లోబిన్ పంక్తిని వ్రేలితో కప్పివేసి, “మౌలానా సాబ్, దీని క్రింది పంక్తులు చదవండి” అన్నారు. ఎం.సి.వి. అన్నది ఎర్రకణపు సగటు పరిమాణం. అది 80 నుండి 100 వరకు ఉండాలి. నా శ్రీమతికి 70, అమ్మాయికి 62. ఇద్దరి కణాలూ చిన్నవే. అయితే ఎర్రకణాల సంఖ్య చూస్తే తల్లికి 39 లక్షలు, కూతురికి 54 లక్షలు. ఆర్.డి.డబ్ల్యు. అన్నది కణాలలోని హెచ్చుతగ్గులను చెప్పే పంక్తి, 14 లేదా 15 దాటరాదు. తల్లికి 19, కూతురికి 15. అంటే తల్లి రక్తంలో ముడిసరుకు చాలక కణాలు తక్కువగా, చిన్నా పెద్దా కలగాపులగంగా తయారవుతున్నాయి. కూతురి రక్తంలో కణాలకు కొరత లేదు. పైగా అవసరానికి మించి ఉన్నాయి. కాని అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు చిన్నవి. మొదటిది ఇనుము లోపం. రెండవది పుట్టుకతో వచ్చిన ఒక లక్షణం కావచ్చు.

ఆమె ఒక చిన్న లెక్క కూడా చూపించారు. ఎం.సి.వి.ని ఎర్రకణాల సంఖ్యతో, దానిని పది లక్షలలో తీసుకొని, భాగించాలి. తల్లికి 70ని 3.9తో భాగిస్తే దాదాపు 18. కూతురికి 62ను 5.4తో భాగిస్తే పదకొండున్నర. 13 కన్నా తక్కువ వస్తే థలసీమియా లక్షణం ఉన్నదేమోనని అనుమానించాలట. మెంట్జర్ అనే వైద్యుడు 1973లో ప్రకటించిన సూత్రమిది. ఇది అనుమానానికి ఆధారమే గాని నిర్ధారణ కాదు. నిర్ధారణకు హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష ఉన్నది. అందులో హిమోగ్లోబిన్ ఎ2 అనే రకం మామూలుగా మూడున్నర శాతం లోపు ఉండాలి. మా అమ్మాయికి 5.2 వచ్చింది. ఇనుము లోపం లేదని మరో పరీక్షలో తేలినందున మాత్రలు ఆపించారు. అవసరం లేని ఇనుమును ఏళ్ళ తరబడి శరీరంలోకి పంపడం మేలు కాదన్నారు.

ఈ లక్షణం తల్లి నుండో తండ్రి నుండో వస్తుంది. మర్నాడు నేను చేయి చాపాను. హిమోగ్లోబిన్ 12.4, ఎర్రకణాలు 60 లక్షలు, ఎం.సి.వి. 66. ఎ2 5.4. యాభై ఏళ్ళు దాటినా ఏనాడూ మంచం పట్టని నేను, నా తల్లిదండ్రులలో ఒకరి నుండి దీనిని అందుకొని నా బిడ్డకు అందించాను. ఆస్తి పంపకాల విషయంలో ఖుర్ఆన్ నిర్దేశించిన భాగాలను విద్యార్థులకు లెక్కలు వేసి నేర్పేవాణ్ణి. ఈ వారసత్వానికి కూడా భాగాలున్నాయి. లక్షణం ఉన్నవారిని వాహకులంటారు. వారు రోగులు కారు. మామూలుగా జీవిస్తారు, ఉపవాసాలు పాటిస్తారు, పిల్లలను కంటారు. దంపతులలో ఒక్కరే వాహకులైతే బిడ్డలలో కొందరు వాహకులు కావచ్చునే గాని, ఎవరికీ తీవ్ర వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి గర్భంలోనూ బిడ్డకు థలసీమియా మేజర్ సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుంది, ముగ్గురు క్షేమంగా ఉంటారని దీని అర్థం కాదు. ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది.

ఆ వ్యాధితో పుట్టిన బిడ్డకు సాధారణంగా మొదటి రెండేళ్ళలోనే రక్తం ఎక్కించడం ప్రారంభమవుతుంది. రెండు నుండి నాలుగు వారాలకొకసారి, జీవితాంతం. ఎక్కించిన రక్తంతో చేరే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా నిత్యం మందులు వాడాలి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అనే సంస్థ ఇటువంటి పిల్లల కోసమే పనిచేస్తున్నది. జిల్లాల నుండి తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని ఇలా రక్తం కోసం రాజధానికి ప్రయాణాలు చేస్తుంటారు. ఎముక మజ్జ మార్పిడి అనే శాశ్వత చికిత్స ఉన్నది గాని, సరిపోయే దాత దొరకాలి, లక్షల్లో ఖర్చు భరించాలి.

ఇక్కడికి వచ్చేసరికి విషయం మా అమ్మాయి ఆరోగ్యాన్ని దాటి ఆమె నికాహ్ వరకు వచ్చింది. గద్వాలలో ఉన్న నా చెల్లెలి కుమారునితో సంబంధం అప్పటికే మాటల్లో ఖాయమైంది. నాకు ఏ తల్లిదండ్రుల నుండి ఈ లక్షణం వచ్చిందో, నా చెల్లెలూ ఆ తల్లిదండ్రుల బిడ్డే. ఆమెకు రావడానికి సగం అవకాశం, ఆమె నుండి కుమారునికి మళ్ళీ అందులో సగం. థలసీమియా వాహకులు అన్ని మతాలలోనూ, అన్ని కులాలలోనూ ఉన్నారు. అయితే రక్తబంధువుల మధ్య వివాహం జరిగినప్పుడు ఒకే లక్షణం రెండు వైపుల నుండీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది. షరీఅత్ ఈ సంబంధాలను ధర్మసమ్మతం చేసింది. ధర్మసమ్మతమైన దానిని నేను నిషేధించలేను. కళ్ళు మూసుకొని చేయమని కూడా షరీఅత్ ఎక్కడా ఆజ్ఞాపించలేదు.

నేను గద్వాల వెళ్ళి విషయం చెప్పాను. మా బంధువులలో ఒక పెద్దాయన, “రాసిపెట్టి ఉంటే వస్తుంది, లేకుంటే రాదు. మౌలానా అయి ఉండి తఖ్దీర్‌ను సూదితో కొలుస్తారా?” అన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి సర్గ్ వద్ద నుండి వెనుదిరిగిన సంఘటనను ఆయనకు గుర్తు చేశాను. విధివ్రాత నుండి పారిపోతున్నారా అని ఆనాడు అబూ ఉబైదా (రజి) అంతటి వారే అడిగారు. వెళ్ళడం విధిలో భాగమైతే, తెలిసి వెనుదిరగడం కూడా విధిలో భాగమేనన్నది ఉమర్ గారి సమాధాన సారాంశం. సౌదీ అరేబియాలో 2004 నుండి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. అక్కడ పరీక్ష తప్పనిసరే గాని, ఫలితం చూశాక వివాహం చేసుకోవాలా వద్దా అన్నది వధూవరుల ఇష్టానికే వదిలారు. ఇరాన్ 1997 నుండి దేశమంతటా ఇటువంటి పరీక్షలు జరుపుతున్నది. ఈ సంగతులన్నీ విని పెద్దాయన మౌనం వహించారు. ఒప్పుకున్నారని అనలేను.

నా చెల్లెలి భయం వేరు. “భాయీజాన్, పిల్లకు రక్తంలో ఏదో ఉన్నదని నలుగురికీ తెలిస్తే రేపు దాని గతి ఏమిటి?” అన్నది. ఆమె భయపడింది నా కూతురి కోసమే. ఈ భయాన్ని తేలికగా తీసివేయలేము. మన సమాజంలో ఒక కాగితం మీది మాట ఆడపిల్ల పేరుకు మచ్చగా మారడానికి ఒక దావతు చాలు. అదే లక్షణం మగపిల్లవానిలో ఉంటే ఎవరూ అడగరు. మా అమ్మాయి మాత్రం, “అబ్బా, ఇది జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పారు కదా. జబ్బు కానిదాన్ని దాచడమెందుకు?” అన్నది. సరుకులోని లోపాన్ని కొనేవానికి చెప్పకుండా అమ్మడం ధర్మం కాదని వ్యాపార ప్రకరణంలో పాఠం చెబుతుంటాము. రెండు కుటుంబాలు, ఇంకా పుట్టని బిడ్డల జీవితాలు ముడిపడిన విషయంలో నిజాయితీ అంతకన్నా తక్కువ అవసరమా?

మేనల్లుడు ముందుకు వచ్చాడు. ముందు సి.బి.పి. చేయించాడు, ఎం.సి.వి. 86. ఆ తరువాత హెచ్.పి.ఎల్.సి. కూడా చేయించాము, సికిల్ సెల్ వంటి ఇతర లక్షణాలు కూడా అందులోనే తెలుస్తాయి గనుక. ఎ2 2.7, మిగిలినవన్నీ సక్రమం. నికాహ్ షవ్వాల్‌లో జరిగింది. వారి బిడ్డలలో ఎవరైనా వాహకులు కావచ్చు, వారికి పెళ్ళీడు వచ్చినప్పుడు ఈ పరీక్ష మళ్ళీ ఉంటుంది. ఒకవేళ మేనల్లుడు కూడా వాహకుడై ఉంటే ఏమి చేసేవారని కొందరు అడిగారు. సంబంధం వద్దనే చెప్పేవాణ్ణి. అప్పటికే వివాహమై ఉంటే, గర్భం పది పన్నెండు వారాలున్నప్పుడే బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్షలున్నాయని డాక్టరమ్మ చెప్పారు. ఆ తరువాతి ప్రశ్నలు ముఫ్తీలతోనూ, వైద్యులతోనూ కలిసి ఆలోచించవలసినవి, చాలా బరువైనవి. ఆ బరువు తలకెత్తుకోక ముందే ఒక గొట్టం రక్తంతో తెలుసుకోవడం ఎంతో సులువు.

మేనల్లునితో పాటు అతని చెల్లెలికి కూడా పరీక్ష చేయించాము. గద్వాలలో ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆమె ఎం.సి.వి. 64, ఎ2 5.0. అంటే నా చెల్లెలు కూడా వాహకురాలే అయి ఉండవచ్చు, లేదా బావగారు. ఆ రిపోర్టు చూసిన వెంటనే నా చెల్లెలు దానిని మడిచి బీరువాలో చీరల క్రింద పెట్టింది. నేను ఏమీ అనలేదు. సాయంత్రం అస్ర్ నమాజు తరువాత బయలుదేరబోతుంటే, మేనకోడలు ఆ కాగితం బయటకు తీసి తెచ్చింది.

“మామూ, బస్టాండు దగ్గర దీని జిరాక్సు ఒకటి తీయించి ఇస్తారా? అసలుది అమ్మ దగ్గరే ఉండనీ.”

తీయించి ఇచ్చాను. పదవ తరగతి మెమో, ఆధార్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ ఫైలులో దానిని కూడా పెట్టుకున్నది.